రోజూ హైవే మీద ఆఫీసు, ఆదివారం షికారు: ఒక్క బండితో రెండూ కుదురుతాయా?

ఈ ఎపిసోడ్ ఒక తమ్ముడి మెసేజ్‌తో మొదలుపెడతాను. ఇలాంటి మెసేజ్‌లు నాకు చాలా వస్తాయి కానీ ఇది చదవగానే కొంచెం ఆగిపోయాను. ఎందుకో చివర్లో మీకే అర్థమవుతుంది.

తమ్ముడు ఏం రాశాడంటే: "అన్నా, మాది గుంటూరు. విజయవాడలో కొత్తగా జాబ్ వచ్చింది. రోజూ పోను రాను 70 కిలోమీటర్లు. ఇప్పుడు నా దగ్గర 125 సీసీ బండి ఉంది. హైవే మీద లారీ పక్కనుంచి పోతే బండి ఊగిపోతోంది. రెండున్నర లక్షల దాకా పెట్టగలను, ఈఎంఐలో. ఆదివారం ఫ్రెండ్స్‌తో రైడ్‌కి కూడా పనికిరావాలి. నా ఎత్తు 5 అడుగుల 5 అంగుళాలు. అప్పుడప్పుడు అమ్మని ఎక్కించుకోవాలి. ఏ బండి కొనమంటావు?"

బండి పేరు ఒక్క ముక్కలో చెప్పేసి వీడియో ముగించొచ్చు. కానీ అదే రోడ్డు మీద నేను కూడా మూడేళ్లు తిరిగాను. తప్పు బండి కొన్నాను, దానికి ఖరీదు కూడా కట్టాను. అందుకే పేరు కంటే ముందు ఎలా ఎంచుకోవాలో మాట్లాడుకుందాం.

ముందు ఆ రోడ్డు ఎలాంటిదో చెప్తాను, తెలియనివాళ్ల కోసం. ఎన్‌హెచ్-16, చెన్నై నుంచి కోల్‌కతా వెళ్లే హైవే. గుంటూరులో బయల్దేరితే పెదకాకాని, నంబూరు దగ్గర నాగార్జున యూనివర్సిటీ, తర్వాత కాజ టోల్‌గేటు, మంగళగిరి, తాడేపల్లి, అక్కడినుంచి కనకదుర్గ వారధి మీదుగా కృష్ణ దాటితే విజయవాడ. టోల్‌గేటు దగ్గర బైకులకి డబ్బులు కట్టక్కర్లేదు, అంతవరకు హ్యాపీ. మిగతాదే కథ. ఒక లైన్లో లారీలు, ఒక లైన్లో బస్సులు, పక్కన షోల్డర్ మీద ఎదురొచ్చే ట్రాక్టరు. వారధి ఎక్కితే నది మీదనుంచి అడ్డంగా కొట్టే గాలి. అది దాటగానే బెంజ్ సర్కిల్ వైపు ట్రాఫిక్, క్లచ్ నొక్కీ నొక్కీ చెయ్యి లాగేస్తుంది.

అంటే ఒకే ప్రయాణంలో మూడు రకాల రోడ్లు. ఊళ్లో పది కిలోమీటర్లు, హైవే మీద పాతిక. ఇంకోటి మర్చిపోకండి: ఉదయం మీరు ఫ్రెష్‌గా ఉంటారు, సాయంత్రం అలిసిపోయి ఉంటారు. బండి కొనేటప్పుడు మనం ఆదివారం పొద్దున్న ఆరు గంటల మూడ్‌లో ఊహించుకుంటాం. కానీ ఆ బండి మీద ఎక్కువ కాలం గడిపేది సోమవారం సాయంత్రం ఏడింటికి.

నా సంగతి చెప్తాను. మా నాన్న మిర్చి యార్డులో గుమాస్తా. నాకు ఉద్యోగం వచ్చినప్పుడు ఆయనే డౌన్ పేమెంట్‌కి కొంత ఇచ్చారు. షోరూమ్‌కి ఇద్దరం వెళ్లాం. నేనేమో టాప్ స్పీడ్ ఎంత, జీరో నుంచి వందకి ఎన్ని సెకన్లు, ఇవే అడుగుతున్నా. సేల్స్ అబ్బాయి కూడా గుక్క తిప్పుకోకుండా చెప్తున్నాడు. నాన్న అప్పటిదాకా మాట్లాడలేదు. అప్పుడు ఒక్కటే అడిగారు: "బాబూ, ఎంత స్పీడు పోద్దో తర్వాత. ఇది ఎంత దూరంలో ఆగుద్దో చెప్పు."

ఆ అబ్బాయి దగ్గర సమాధానం లేదు. నేను నవ్వేశాను. "నాన్నా, నువ్వు ఊరుకో" అన్నాను.

నేను కొన్నది ముందుకి వంగి కూర్చునే స్పోర్ట్స్ టైపు బండి. కంపెనీ పేరు అనవసరం, తప్పు బండిది కాదు, నాది. హ్యాండిల్ కింద ఉంటుంది, ఫుట్‌రెస్టులు వెనక్కి ఉంటాయి. మొదటి ఆదివారం కొండవీడు ఘాట్ ఎక్కాను. అబ్బ, ప్రపంచం నాదే అనిపించింది. మూడో వారానికి మణికట్టు నొప్పి. రెండో నెలకి ఆఫీసు చేరేసరికి వేళ్లు తిమ్మిరి, కీబోర్డు మీద చెయ్యి పెట్టాలంటే ఐదు నిమిషాలు పట్టేది. స్పీడులో పోతున్నప్పుడు గాలి ఛాతీని కాస్త మోస్తుంది కాబట్టి ఆ భంగిమ బానే ఉంటుంది. సిగ్నళ్ల దగ్గర, ట్రాఫిక్‌లో ఆ బరువంతా మణికట్టు మీదే పడుతుంది. ఇది నాకు ఎవరూ చెప్పలేదు. అంటే, నేను అడగలేదు.

ఇప్పుడు కొంచెం లెక్క చూద్దాం, సింపుల్‌గానే.

మన దేశంలో నాలుగు లైన్ల హైవే అయినా, ఎక్స్‌ప్రెస్‌వే అయినా, కేంద్రం 2018లో టూవీలర్లకి పెట్టిన గరిష్ఠ వేగం గంటకి 80 కిలోమీటర్లు. కొన్ని రోడ్ల మీదకి అసలు రానివ్వరు. హైదరాబాద్ ఔటర్ మీదకి బైకు ఎక్కనివ్వరు. బెంగళూరు మైసూరు ఎక్స్‌ప్రెస్‌వే మీద కూడా 2023 ఆగస్టు నుంచి బంద్. మీరు హైవే కోసం బండి కొంటుంటే, మీ రూట్లో బైకుని అనుమతిస్తారా లేదా అన్నది మొదట చూసుకోండి.

సరే, 80 అన్నాం కదా. పాతిక కిలోమీటర్ల హైవేని 80తో వెళ్తే 19 నిమిషాలు. 100తో వెళ్తే 15 నిమిషాలు. మిగిలేది నాలుగు నిమిషాలు. బెంజ్ సర్కిల్ దగ్గర ఆ నాలుగు నిమిషాలు ఎలాగూ పోతాయి. కానీ ఆ నాలుగు నిమిషాల కోసం ఏం ఇస్తున్నామో చూడండి. 80లో ఉన్నప్పుడు సెకనుకి 22 మీటర్లు పోతాం. ముందు ఏదో కనిపించి, మెదడు గ్రహించి, చెయ్యి బ్రేకు మీద పడేసరికే ఒక సెకను పోతుంది. అంటే బ్రేకు వేయకముందే 22 మీటర్లు అయిపోయాయి. ఆ తర్వాత పొడి రోడ్డు, మంచి టైరు, మంచి బ్రేకులు ఉంటే ఇంకో 35, 40 మీటర్లు. 80 కాకుండా 100 అయితే బ్రేకు వేశాక ఆగడానికి పట్టే దూరం ఇంకో సగానికి పైగా పెరుగుతుంది. వాన పడితే ఈ లెక్కలన్నీ ఇంకా ఘోరం.

మా నాన్న అడిగిన ప్రశ్న ఇదే. ఆయనకి ఫిజిక్స్ రాదు. రోజూ లారీల మధ్య తిరిగిన మనిషి, అంతే.

అయితే 125 సీసీ చాలు కదా, అదీ 80 పోతుంది కదా అంటారు. పోతుంది. కానీ 80 దగ్గర దాని దమ్ము అయిపోవచ్చే స్థితిలో ఉంటుంది. ముందు లారీ నెమ్మదించింది, దాటాలి, ఇంకొంచెం తోసుకుపోదామంటే దాని దగ్గర ఏమీ మిగలదు. తేలిక బండి కాబట్టి లారీ గాలికి ఊగుతుంది కూడా. కాబట్టి హైవే బండి అంటే 150 పోయే బండి అనుకోకండి. 80లో హాయిగా నడుస్తూ, అవసరం పడితే ఇంకో 20 సులువుగా ఇవ్వగలిగి, 80 నుంచి గట్టిగా ఆగగలిగేది హైవే బండి.

ఈ కొలత పెట్టుకుంటే బజారులో ఉన్న బండ్లని మూడు గుంపులు చెయ్యొచ్చు.

ఒకటి, 160 నుంచి 250 దాకా. తేలిక, మైలేజీ బావుంటుంది, ఊళ్లో సుఖం. రోజుకి హైవే మీద పది, పదిహేను కిలోమీటర్లే అయితే ఇవి చాలు. 250లో అయితే పాతిక కూడా పర్లేదు.

రెండు, 350లు. రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్, హంటర్, మీటియోర్, హోండా సీబీ350, ఇలాంటివి. వీటికి 20, 21 హార్స్‌పవరే ఉంటుంది. కాగితం మీద చూస్తే 200 సీసీ బండికంటే తక్కువ అనిపిస్తుంది. కానీ లాగుడు తక్కువ ఆర్‌పీఎమ్‌లోనే వస్తుంది, క్లాసిక్‌కి 27 న్యూటన్ మీటర్లు, సీబీ350కి 30. అందుకే టాప్ గేర్‌లో 80 దగ్గర ఇంజిన్ అరవదు, చెవులు నొప్పెట్టవు. నిటారుగా కూర్చుంటాం, వెనక అమ్మకి కూడా సీటు సరిపోతుంది. లోటేంటంటే బరువు. క్లాసిక్ 195 కేజీలు, హంటర్ 181. పార్కింగ్‌లో వెనక్కి లాగేటప్పుడు తెలుస్తుంది. 100 దాటాక వీటికి కూడా ఆయాసమే.

మూడు, 400, 450లు. ట్రయంఫ్ స్పీడ్ 400, హిమాలయన్ 450, అలాంటివి. 40 హార్స్‌పవర్, అంటే 350లకి డబుల్. 80 దగ్గర వీటికి నిద్రొస్తుంది. ఘాట్‌లో నిజంగా మజా వీటిదే. స్పీడ్ 400 అంత పవర్ ఉండి కూడా 176 కేజీలే. కానీ మన మే నెలలో, బెంజ్ సర్కిల్ దగ్గర ఫ్యాన్ తిరిగి వేడి గాలి కాలి మీద కొడుతుంటే ఆ 40 గుర్రాలూ అక్కడే నిలబడి మిమ్మల్ని కాలుస్తున్నట్టు ఉంటుంది. హిమాలయన్ లాంటివి సీటు ఎత్తు. 5 అడుగుల 5 అంగుళాల మనిషి వారధి మీద అడ్డగాలిలో, ట్రాఫిక్ ఆగిపోయినప్పుడు కాలు ఆనించాలి కదా, అది ఆలోచించండి.

ఇంకో విషయం, డబ్బు లెక్క. 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ మారింది. 350 సీసీ దాకా 18 శాతం. అది దాటితే 40 శాతం. అందుకే 350కి, 400కి మధ్య ఒక్కసారిగా గోడ లేచింది. ఈఎంఐలో కొనేవాళ్లకి ఈ తేడా చిన్నది కాదు.

అసలు ఖర్చు ఈఎంఐతో అయిపోదు కూడా. రోజుకి 70 కిలోమీటర్లు, నెలకి 25 రోజులు, అంటే 1,750. ఏడాదికి 21,000 కిలోమీటర్లు. లీటరుకి 60 ఇచ్చే బండికి నెలకి 29 లీటర్లు. 35 ఇచ్చే బండికి 50 లీటర్లు. లీటరు 110 అనుకుంటే నెలకి 2,300 రూపాయలు తేడా. సర్వీసు 5,000 కిలోమీటర్లకోసారి అయితే ఏడాదికి నాలుగుసార్లు సెలవు పెట్టాలి. 10,000కి అయితే రెండుసార్లు. షోరూమ్‌లో ఇది అడగండి. చైన్ స్ప్రాకెట్ ధర అడగండి. వెనక టైరు ధర అడగండి. సరదాగా తిరిగేవాడికి టైరు మూడేళ్లు వస్తుంది, మీకు ఏడాదిలో కొత్తది కొనాల్సి రావొచ్చు.

టైరు మాట వచ్చింది కాబట్టి అసలు సంగతి చెప్పేస్తాను.

అక్టోబరు నెల, సాయంత్రం ఏడు దాటింది. వాన పడి ఆగింది. కాజ దాటి గుంటూరు వైపు వస్తున్నా. వేళ్లు తిమ్మిరెక్కి ఉన్నాయి, మామూలే. వెనక టైరు అరిగిపోయింది, వచ్చే నెల జీతంలో మారుద్దాం అనుకున్నా. ఎదురు రోడ్డు నుంచి హైబీమ్ లైట్లు కళ్లలో కొడుతున్నాయి. అవి పోగానే ముందు ఒక లారీ. ఆగి ఉంది, వెనక ఒక్క లైటు లేదు, సగం షోల్డర్ మీద, సగం రోడ్డు మీద.

బ్రేకు గట్టిగా తొక్కేశాను. నా బండికి సింగిల్ ఛానల్ ఏబీఎస్. అంటే ముందు చక్రానికే ఏబీఎస్ ఉంటుంది, వెనక చక్రానికి ఉండదు. డ్యూయల్ ఛానల్ వేరియంట్‌కి ఇంకొన్ని వేలు ఎక్కువని నేనే వద్దనుకున్నాను. ఆ డబ్బుతో ఎగ్జాస్ట్ మార్పించాను, సౌండ్ కోసం. కాలు భయంతో తొక్కితే వెనక చక్రం లాక్ అయింది, అరిగిన టైరు, తడి రోడ్డు, బండి అడ్డం తిరిగింది. నేను ఒకవైపు, బండి ఒకవైపు. లారీకి తగల్లేదు, అది నా తెలివి కాదు, అదృష్టం. వెనక వస్తున్న బస్సు డ్రైవరు ఆపగలిగాడు, అది ఆయన తెలివి. కాలర్ బోన్ విరిగింది. హెల్మెట్ ఒక పక్క మొత్తం గీసుకుపోయింది. ఆ గీత నా ముఖం మీద పడాల్సింది.

ఆసుపత్రిలో నాన్న నన్ను ఏమీ అనలేదు. ఎందుకు నవ్వావురా అని కూడా అనలేదు. "తిన్నావా?" అని అడిగారు. అంతే. ఆ తర్వాత నుంచి ఇప్పటిదాకా, నేను బయల్దేరిన రోజు సాయంత్రం ఫోన్ చేసి ఒకే మాట అడుగుతారు: "వారధి దాటావా?"

సరే. మూడు నెలల తర్వాత ఆ బండి అమ్మేసి హోండా సీబీ350 కొన్నాను. ఇది ఎవరి ప్రమోషనూ కాదు, నా డబ్బుతో కొన్నాను. నా ఒంటికి, నా రూట్‌కి సరిపోయింది, మీకు సరిపోవాలని లేదు. ఘాట్‌లో పాత బండి అంత చురుకుగా తిరగదు, నిజం చెప్పాలి కదా. కానీ ఒక విచిత్రం చెప్పనా? ఆదివారం రైడ్లు పెరిగాయి. పాత బండితో ఐదు రోజులు ఒళ్లు హూనం చేసుకుని, ఆదివారం దాని తాళం కూడా ముట్టుకోబుద్ధి అయ్యేది కాదు. ఇప్పుడు పొద్దున్నే లేచి పొన్నూరు మీదుగా బాపట్ల, సూర్యలంక బీచ్‌కి వెళ్లి టిఫిన్ చేసి వచ్చేస్తాం. మాచర్ల మీదుగా నాగార్జున సాగర్ వెళ్తాం. దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్ కూడా ఎక్కాం, అడవి దారి, రాత్రిపూట చెక్‌పోస్టు దగ్గర ఆపేస్తారు కాబట్టి పగలే దాటేలా ప్లాన్ చేసుకోవాలి. ఆ మలుపుల్లో కోతులు, గులకరాళ్లు, ఎదురొచ్చే బస్సులు. అక్కడ 20 హార్స్‌పవర్ సరిపోలేదని నాకు ఎప్పుడూ అనిపించలేదు.

కాబట్టి ఆఫీసు బండి, షికారు బండి వేరువేరని అనుకోవద్దు. వారమంతా మిమ్మల్ని అలసిపోనివ్వని బండే ఆదివారం మిమ్మల్ని బయటికి తీసుకెళ్తుంది.

ఇప్పుడు షోరూమ్‌కి వెళ్లినప్పుడు ఏం చెయ్యాలో చెప్తాను, స్క్రీన్‌షాట్ తీసుకోండి.

టెస్ట్ రైడ్ అంటే షోరూమ్ చుట్టూ ఒక రౌండ్ కాదు. కనీసం 20 నిమిషాలు అడగండి, అందులో కొంచెం హైవే ఉండాలి. ఇవ్వకపోతే ఆ బండి ఉన్న ఫ్రెండ్‌ని అడగండి. 80 దగ్గర అద్దాల్లో వెనక వచ్చే బండి స్పష్టంగా కనిపిస్తోందా, వణికిపోతోందా చూడండి. ఖాళీ రోడ్డు మీద, వెనక ఎవరూ లేరని చూసుకుని, 40 నుంచి గట్టిగా బ్రేకు వేసి చూడండి. బండి దిగి, ఇంజిన్ ఆపి, పది అడుగులు వెనక్కి తొయ్యండి. అమ్మని తీసుకెళ్లి వెనక కూర్చోబెట్టండి, ఆవిడ ఎక్కగలగాలి, దిగగలగాలి. కుదిరితే చీకటి పడ్డాక ఒకసారి వెళ్లి హెడ్‌లైట్ చూడండి. పగలు అన్ని లైట్లూ బానే ఉంటాయి.

ఏబీఎస్ సింగిలా, డ్యూయలా అని అడగండి. 125 సీసీ దాటిన బండ్లన్నిటికీ 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్ తప్పనిసరి. కానీ రూల్ ప్రకారం సింగిల్ ఛానల్ ఉన్నా సరిపోతుంది, అందుకే బ్రోషర్‌లో "ఏబీఎస్ ఉంది" అని మాత్రమే రాస్తారు. మీరు అడగాలి. ఒకే మోడల్‌లో రెండు వేరియంట్లు ఉంటే, రంగు కోసం కాదు, దీని కోసం పై వేరియంట్ తీసుకోండి.

బడ్జెట్‌లోంచి ఒక 20,000 ముందే పక్కన పెట్టేయండి. ఐఎస్ఐ మార్కు ఉన్న ఫుల్ ఫేస్ హెల్మెట్, గ్లౌజులు, భుజాలకి మోచేతులకి ప్యాడ్లున్న జాకెట్, మంచి రెయిన్ కోటు. వీటికి మిగలకపోతే ఆ బండి మీ బడ్జెట్‌లో లేనట్టే. మొహమాటం లేకుండా ఒక మెట్టు దిగండి.

తమ్ముడూ, ఇక నీ ప్రశ్నకి జవాబు. నీ ఎత్తు, అమ్మ, ఈఎంఐ, 70 కిలోమీటర్లు, ఇవన్నీ చూస్తే డ్యూయల్ ఛానల్ ఉన్న 350 తీసుకో. హంటర్, సీబీ350, క్లాసిక్, మూడూ నడిపి చూడు, ఒళ్లు ఏది ఒప్పుకుంటే అది. అమ్మని ఎక్కించుకునే పని లేకుండా, ఘాట్లే నీ ప్రాణం అయితే, ఈఎంఐ నీకు బరువు కాకపోతే, అప్పుడు స్పీడ్ 400 లాంటిది చూడు. నీ 125ని వెంటనే అమ్మకు. పాత బండికి వచ్చేది కొంతే, ఊళ్లో పనులకి అదే నయం.

ఇంకోమాట, బైక్ ఛానల్ నడిపేవాడు చెప్పకూడనిది. గుంటూరు నుంచి విజయవాడకి రైళ్లున్నాయి, బస్సులున్నాయి. ఒక పాస్ తీసి జేబులో పెట్టుకో. జోరున వాన పడే రోజు, జ్వరం ఉన్న రోజు, నిద్రలేని రోజు బండి ఇంట్లోనే ఉండాలి. హైవే మీద రోజూ తిరిగేవాడికి ఏ రోజు తియ్యకూడదో తెలియడం కూడా డ్రైవింగే.

షోరూమ్‌కి వెళ్లేటప్పుడు ఒక్కడివే వెళ్లకు. మీ నాన్ననో, అమ్మనో తీసుకెళ్లు. వాళ్లు ఏదో పాతకాలం ప్రశ్న అడుగుతారు. నవ్వకు, జవాబు వచ్చేదాకా నువ్వు కూడా వాళ్ల పక్కన నిలబడి ఆగు.

ఈ ఎపిసోడ్‌కి ఇంతే ఫ్రెండ్స్. వచ్చే వారం చైన్ క్లీనింగ్, టైర్ ప్రెషర్ గురించి ఇంట్లోనే చేసి చూపిస్తాను. హెల్మెట్ స్ట్రాప్ బిగించుకోండి, ఇంటికి చేరాక ఒక ఫోన్ చెయ్యండి. ఉంటాను, నమస్తే.